రెట్రో కవర్ అంటే పసుపు ఫిల్టర్ కాదబ్బా: పాత రికార్డు అట్టల లుక్ ఫోటోషాప్‌లో ఎక్కడి నుంచి పుడుతుంది

2025 సెప్టెంబర్లో గూగుల్ వాళ్ళ ఏఐ యాప్ జెమినీలో సెల్ఫీ పెట్టి పాత సినిమా హీరోయిన్ల లాగా చీర ఫోటోలు చేసుకునే పిచ్చి ఒకటి వచ్చింది గుర్తుందా, వాట్సాప్‌లో ఎవురి డీపీ చూసినా గోడ మీద నీడ, జడలో పూలు, సాయంత్రం ఎండ. అప్పట్నుంచి "రెట్రో" అనే మాట తిరపతిలో టీ అంగళ్ళ దాకా వచ్చేసింది. పెళ్ళి కార్డు రెట్రో కావాల, హోటల్ మెనూ రెట్రో కావాల, ఇప్పుడు పాటల ఆల్బమ్ కవర్ కూడా రెట్రోనే కావాల.

మా మేనల్లుడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఫ్రెండ్స్ నలుగురు కలిసి, చిత్తూరు పక్క పల్లెల్లో ఆడోళ్ళు చెనిక్కాయలు ఒలిచేటప్పుడు పాడుకునే పాటలు ఐదు రికార్డు చేసినారు, స్ట్రీమింగ్ యాప్స్‌లో పెట్టాలంట. "మామా, సెవెంటీస్ లాగ కవర్ కావాల" అని వచ్చి, ఇట్ల ఉండాల అని ఫోన్లో ఒక శాంపిల్ చూపించినాడు. అందులో పసుపు రంగు ఉంది, గీతలు ఉండాయి, వీడియో కేసెట్ అరిగినప్పుడు వచ్చే అడ్డగీతలు ఉండాయి, పేపర్లో ఫోటోకి ఉండే చుక్కలు ఉండాయి, చినిగిన కాగితం అంచు ఉంది, మూలలో స్టీరియో అని ముద్ర. ఇది ఏ సంవత్సరం కవరు రా అల్లుడూ అంటే నోట మాట లేదు. పాపం వాడి తప్పేం లేదు, ఆ శాంపిల్ చేసినోడికే తెలీదు.

నేను డీటీపీ, అంటే కంప్యూటర్లో అక్షరాలు కూర్చి పేజీలు చేసే అంగట్లో మొదలుపెట్టి ఫ్లెక్సీల మీదుగా ఈ కవర్ల పనికి వచ్చినోణ్ణి. వాడికి రెండు సాయంత్రాలు కూచోబెట్టి చెప్పిందే ఇక్కడ కొంచెం సర్ది రాస్తా ఉన్నా.

వింటేజ్, రెట్రో, డిస్ట్రెస్డ్: మూడూ వేరు

నిజంగా పాతదైతే వింటేజ్, మీ తాత బీరువాలో దొరికిన రికార్డు లాంటిది. రెట్రో అంటే ఇప్పుడే చేసింది, కానీ పాత పద్ధతిలో. డిస్ట్రెస్డ్ అంటే కొత్తదాన్నే కావాలని అరగదీసి, మాపేసి, నలిపింది. మనోళ్ళు ఈ మూడింటినీ ఒకే మాటగా వాడేస్తారు, సగం గందరగోళం ఇక్కడే.

ఎందుకంటే 1972లో అంగట్లో కొత్తగా దొరికే రికార్డు అట్ట పసుపుగా ఉండేది కాదు, దాని మీద గీతలు ఉండేవి కాదు, రంగులు గట్టిగా కొట్టొచ్చినట్టు ఉండేవి. పసుపు, మరకలు, అరుగుడు ఇవన్నీ తరవాత యాభై ఏళ్ళలో చేరినవి. కాబట్టి "సెవెంటీస్ లాగ" అన్న మాటకి రెండు అర్థాలు ఉండాయి: 1972లో కొత్తగా ఉన్నట్టా, లేకుంటే 1972ది ఇప్పుడు పాత సామాన్ల అంగట్లో దొరికినట్టా. మొదటిది కావాలంటే పని అంతా రంగులు, అక్షరాలు, ఏది ఎక్కడ పెట్టాల అన్నదాని మీద. రెండోది కావాలంటే దాని మీద అరుగుడు కూడా చేరుతుంది. ఇది తేల్చుకోకుండా సాఫ్ట్‌వేర్ తెరిస్తే చేతికి దొరికిన ఎఫెక్ట్ అంతా గుమ్మరించడమే అవుతుంది, బిర్యానీలో సాంబారు పోసినట్టు.

అట్ట ఎట్ల మొదలైంది, మనకి ఏది "పాత"

మొదట్లో 78 స్పీడు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు మామూలు మందపాటి కాగితం కవర్లో వచ్చేవి, ఒక్కో పక్క మూడు నిమిషాలు చిల్లర పాట పట్టేది. పెద్ద కచ్చేరీ అయితే నాలుగైదు రికార్డులు కలిపి ఫోటో ఆల్బమ్ లాగా పుస్తకం కుట్టి అమ్మేవాళ్ళు, "ఆల్బమ్" అన్న పేరు అక్కడ్నుంచే. అమెరికాలో కొలంబియా కంపెనీలో అలెక్స్ స్టైన్‌వైస్ అనే ఆయన 1940 ప్రాంతంలో ఆ అట్టల మీద పాటకి తగ్గ బొమ్మ వేయడం మొదలుపెట్టినాడు. 1948లో అదే కంపెనీ 12 అంగుళాల ఎల్పీ (లాంగ్ ప్లే రికార్డు) తెచ్చింది, దాంతో బొమ్మకి అడుగు పైన చదరం చోటు దొరికింది. 1963లో ఫిలిప్స్ కేసెట్, 1982లో సీడీ. మన దేశంలో రికార్డులంటే ఎక్కువగా కలకత్తా దమ్‌దమ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే, గ్రామఫోన్ కంపెనీవి.

అయితే తిరపతిలో పెరిగిన నా వయసోళ్ళకి "పాత" అంటే ఎల్పీ కాదు, కేసెట్టే. గుడి చుట్టుపక్కల అంగళ్ళలో వేలాడగట్టిన భక్తి కేసెట్లు, స్వామి తల వెనక కిరణాలు, రెండు మూడు రంగులు కలిసిపోయే అక్షరాలకి చుట్టూ లావు గీత. ఆ కేసెట్ కాగితం చదరం కాదు, నిలువుగా ఉంటుంది. ఇప్పటి యాప్స్ అన్నీ చదరం అడుగుతాయి. కేసెట్ లుక్ కావాలంటే ఆ నిలువు బొమ్మని చదరంలోకి ఎట్ల కూర్చాల అన్నది ముందే తేల్చుకోవాల. మా వాడికి ఎల్పీ మీదనే మోజు కాబట్టి ఆ గొడవ తప్పింది.

డ్యామేజీ మూడు చోట్ల జరుగుతుంది: కెమెరాలో, ప్రెస్సులో, ఇంట్లో

నాకు ఈ పనిలో అన్నిటికంటే ఉపయోగపడిన ఆలోచన ఇదొక్కటే. పాత కవర్లో కనిపించే ప్రతి "లోపం" ఎక్కడో ఒక చోట పుట్టి ఉంటుంది, ఏది ముందు ఏది వెనక అన్న వరుస ఉంటుంది.

కెమెరాలో పుట్టేవి: గ్రెయిన్, అంటే ఫిల్మ్ మీద ఉండే సిల్వర్ హాలైడ్ రేణువుల గరుకు. మూలల్లో చీకటి, అది లెన్సు వల్ల. లైట్ లీక్, కెమెరా డబ్బా సరిగ్గా మూసుకోక పక్కనుంచి వెలుగు దూరి ఎర్రగా మరక పడటం.

ప్రెస్సులో పుట్టేవి: హాఫ్‌టోన్ చుక్కలు, సిరా ఒకదాని మీద ఒకటి పడటం, రిజిస్టర్ తప్పడం. చివరిదేందంటే నాలుగు రంగులు నాలుగు ప్లేట్ల నుంచి వేరువేరుగా కాగితం మీద పడతాయి, ఒకటి కొంచెం జరిగితే అంచుల్లో రంగు బయటికి కనపడుతుంది.

ఇంట్లో పుట్టేవి: ఎండకి రంగు పోవడం, కాగితం పసుపెక్కడం, మూలలు నలగడం, లోపలి రికార్డు రాసుకుని గుండ్రంగా అచ్చు పడటం.

ఇప్పుడు వరుస చూడండి. ఆల్బమ్ పేరు కెమెరాలో లేదు, అది ప్రెస్సుకి పోయే ముందు చేరింది. కాబట్టి అక్షరాల మీద ఫిల్మ్ గ్రెయిన్ ఉండే అవకాశమే లేదు. కానీ గుండ్రటి అరుగుడు మాత్రం ఫోటో మీదా అక్షరాల మీదా ఒకేలా పోవాల, ఎందుకంటే అది ఇంట్లో, అన్నిటికంటే ఆఖర్న జరిగింది. ఫోన్ యాప్‌లో ఒక ఫిల్టర్ కొడితే ఇదంతా ఒకేసారి అన్నిటి మీదా పడుతుంది, అందుకే చూసేవాళ్ళకి ఏదో తేడాగా అనిపిస్తుంది కానీ ఏందో చెప్పలేరు. లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చుకునే పొరలు ఉండే సాఫ్ట్‌వేర్ వల్ల అసలు లాభం ఇదే, ఏది ముందు జరిగిందో ఆ వరుసలో పేర్చుకోవచ్చు. దానికి ఫోటోషాపే ఉండాలని లేదు, ఫ్రీగా దొరికే గింప్‌లో, బ్రౌజర్లోనే తెరుచుకునే ఫోటోపీలో కూడా లేయర్లు, మాస్కులు (లేయర్లో కావాల్సినంత భాగాన్ని దాచేవి), బ్లెండ్ మోడ్లు అన్నీ ఉండాయి.

ప్రెస్సులో తెల్ల సిరా లేదు: మల్టిప్లై కథ

బ్లెండ్ మోడ్ అంటే పై లేయరు కింది లేయరుతో ఏ లెక్కలో కలవాల అన్నది. మల్టిప్లై అంటే పేరులో ఉన్నట్టే గుణకారం: రంగుల విలువలు 0 (నలుపు) నుంచి 255 (పూర్తి వెలుగు) దాకా ఉంటాయి, రెండు విలువల్ని గుణించి 255తో భాగిస్తుంది. లేత క్రీమ్ కాగితం అనుకోండి, దాని ఎరుపు విలువ 240. దాని మీద 128 ఉన్న బూడిద రంగు పడింది. 240ని 128తో గుణించి 255తో భాగిస్తే సుమారు 120. ముదురైంది. అదే పై లేయర్లో 255, అంటే పూర్తి తెలుపు ఉంటే? 240 అట్లే ఉంటుంది, అంటే కాగితమే కనిపిస్తుంది.

కాగితం మీద సిరా చేసేది కూడా దాదాపు ఇదే. మామూలు ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌లో తెల్ల సిరా వాడరు, తెలుపు కావాల్సిన చోట సిరా వెయ్యకుండా ఖాళీగా వదిలేస్తారు. అందుకని కవర్లో కాగితం కంటే తెల్లగా ఏదీ ఉండటానికి లేదు. రెట్రో అని చేసిన కవర్లలో నేను మొదట చూసేది ఇదే, పసుపెక్కిన కాగితం మీద అక్షరాలు మాత్రం ట్యూబ్‌లైట్ లాగా తెల్లగా మెరుస్తా ఉంటే ఆట అక్కడే అయిపోయింది.

నలుపు కూడా అంతే. గరుకు కాగితం సిరా పీల్చుకుంటుంది కాబట్టి నలుపు బొగ్గు రంగులోకి వస్తుంది, కాబట్టి సిరా విలువ 0 పెట్టకుండా 30, 35 దగ్గర పెడతారు. మెరిసే లామినేషన్ ఉన్న అట్టయితే ఈ తేడా అంత ఉండదు, నలుపు నల్లగానే ఉంటుంది. "పాతదంటే నలుపు వెలిసిపోవాల" అన్న రూలు సగమే నిజం.

చుక్కల లెక్క: స్కేలు పెట్టి చూస్తే ఏమవుతుంది

ప్రెస్సు బూడిద రంగు వెయ్యలేదు, సిరా ఉంటే ఉంది లేకుంటే లేదు. అందుకే ఫోటోని చిన్నా పెద్దా చుక్కలుగా మారుస్తారు, దూరం నుంచి కన్ను వాటిని కలిపేసుకుంటుంది. ఇదే హాఫ్‌టోన్. నాలుగు రంగుల చుక్కలూ ఒకే కోణంలో ఉంటే ఒకదానితో ఒకటి కొట్టుకుని అలల్లాంటి డిజైన్లు వస్తాయి కాబట్టి నలుపు 45 డిగ్రీలు, మెజెంటా (ముదురు గులాబీ) 75, సయాన్ (ఆకాశ నీలం) 15, పసుపు 0 అని పెడతారు. 45 డిగ్రీల వాలు కంటికి తక్కువ తెలుస్తుంది, అందుకే అన్నిటికంటే ముదురైన నలుపుకి అది ఇచ్చినారు.

ఇప్పుడు అసలు లెక్క. పాటలు అప్‌లోడ్ చేసే చోట మామూలుగా అడిగేది 3000 × 3000 పిక్సెల్స్. ఎల్పీ అట్ట సుమారు 31 సెంటీమీటర్లు. అంటే అంగుళానికి 245 పిక్సెల్స్ దాకా. మంచి ఆఫ్‌సెట్ పని అంగుళానికి 133 వరుసల చుక్కలు, న్యూస్ పేపర్ అయితే 85. 245ని 133తో భాగిస్తే ఒక్కో చుక్కకి రెండు పిక్సెల్స్ కూడా రావు, 85తో భాగిస్తే మూడు. రెండు మూడు పిక్సెల్స్‌లో గుండ్రటి చుక్క గీయలేం. అంటే నిజమైన కొలతలో హాఫ్‌టోన్ మన ఫైల్లో పట్టదు! రెట్రో కవర్లలో కనిపించే పెద్ద పెద్ద చుక్కలు పది పిక్సెల్స్‌వి, అంగుళానికి 25 వరుసల లెక్క, అంత ముతకగా ఏ కంపెనీ రికార్డు అట్ట వెయ్యదు.

దీని మీద రెండు వర్గాలు. ఒకరు అంటారు, అబద్ధం కదా, చెయ్యి దూరంలో పట్టుకుంటే చుక్కలే కనపడనప్పుడు ఎందుకు పెట్టాల, కామిక్ పుస్తకం లాగా అవుతుంది. రెండో వర్గం అంటారు, ఇది కాపీ కాదు గుర్తు మాత్రమే, నాటకంలో తెల్ల గడ్డం పెడితే ముసలాయన అని అర్థమైనట్టు చుక్క చూస్తే ప్రింటింగ్ అని అర్థమవుతుంది. నాకు రెండూ సబబుగానే అనిపిస్తాయి, కాకపోతే చుక్కలు పెడితే మొహం మీద కాకుండా వెనక ఆకాశం మీదో గోడ మీదో పెట్టడం నా అలవాటు.

రిజిస్టర్ తప్పడం మాత్రం లెక్కకి బాగా లొంగుతుంది. 3000 పిక్సెల్స్‌ని 310 మిల్లీమీటర్లకి పంచితే మిల్లీమీటరుకి దగ్గర దగ్గర పది. అర మిల్లీమీటరు జరిగితే ఐదు పిక్సెల్స్. జనాలు 30 పిక్సెల్స్ జరుపుతారు, అంటే మూడు మిల్లీమీటర్లు, ఆ షీటు చూస్తే ప్రెస్సాయన మిషన్ ఆపేసి ఉండేవాడు. గుండ్రటి అరుగుడు కూడా ఇట్లే: రికార్డు అడ్డం 30 సెంటీమీటర్లు కాబట్టి మన ఫైల్లో ఆ గుండ్రం 2900 పిక్సెల్స్ ఉండాల, అంచులకి దాదాపు ఆనుకుని. మధ్యలో లేబుల్ 10 సెంటీమీటర్లు, దాని అచ్చు పడితే ఇంకో 970 పిక్సెల్స్ గుండ్రం. సాసరు బోర్లించినట్టు సగం సైజులో గుండ్రం గీస్తే అది రికార్డు కాదు, టీ గ్లాసు మరక. ఇంకోటి, ఆ అరుగుడు పైన వేసిన నల్ల రంగు కాదు, సిరా పోయి కింద అట్ట బయటపడటం. అందుకే పైన టెక్స్చర్ అతికించే కంటే సిరా లేయర్లన్నిటికీ కలిపి మాస్క్ పెట్టి ఆ చోట చెరిపితే నిజంగా ఉంటుంది.

పాతదైతే పసుపే ఎందుకు? నీలం ఎందుకు కాదు?

సెలూన్లో గోడ మీద హెయిర్ స్టైల్ పోస్టర్లు చూడండి, ఎండ తగిలే చోట ఉన్నవి నీలంగా అయిపోయి ఉంటాయి. పసుపు, మెజెంటా సిరాలు వెలుతురుకి ముందు పోతాయి, సయాన్, నలుపు మిగుల్తాయి. ఇంట్లో బీరువాలో చీకట్లో ఉన్న 70లు, 80ల నాటి కలర్ ఫోటోలు తీస్తే అవి ఎర్రగా, నారింజగా ఉంటాయి, ఎందుకంటే ఆ కాలం ఫోటో పేపర్లు చాలావాటిల్లో చీకట్లో ముందు పోయేది సయాన్ రంగే. ఇక న్యూస్ పేపర్ లాంటి చవక కాగితం పసుపెక్కడం మూడో కథ, అది సిరా కాదు, కాగితంలో ఉండే లిగ్నిన్ గాలికీ వెలుగుకీ మారిపోవడం. మూడు కారణాలు, మూడు రంగులు. వీటన్నిటికీ కలిపి ఒక పసుపు ఫిల్టర్ అంటే ఎట్ల కుదురుతుంది. మీ కవరు అంగట్లో ఎండకి ఉన్నదా, బీరువాలో ఉన్నదా అన్న చిన్న కథ మనసులో అనుకుంటే రంగు దానంతటదే తేలుతుంది.

తెలుగు అక్షరాల దగ్గర అందరూ జారిపడేది

పాత కవర్ల మీద తెలుగు పేర్లు చాలావరకు ఆర్టిస్టు చేత్తో రాసినవి. డీటీపీ తరవాత వచ్చిన అనూ ఫాంట్లతో 1972 కవర్ చేస్తే పంచె మీద స్మార్ట్‌వాచ్ పెట్టుకున్నట్టు ఉంటుంది, మాలాంటి డీటీపీ వాళ్ళకి అయితే ఫాంట్ పేరుతో సహా తెలిసిపోతుంది. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, ధూర్జటి, పొన్నాల లాంటివి ఫ్రీగా ఉండాయి, వాటిల్లో కొంచెం చేతిరాత బరువు కనపడుతుంది. అయినా ఫాంట్ ఫాంటే, ఒకే పదంలో రెండు "ల"లు ఉంటే రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటే. బాపు గారి అక్షరాలు చూసిన కంటికి ఇది వెంటనే దొరికిపోతుంది, చేత్తో రాస్తే ఏ రెండు అక్షరాలూ కవలలు కావు. అందుకే టెక్స్ట్‌ని షేపుగా మార్చి ఒక అక్షరం తలకట్టు కొంచెం సాగదీయడం, ఒత్తు కొంచెం పక్కకి నెట్టడం చేస్తారు.

ఒత్తులు అంటే గుర్తొచ్చింది, ఫోటోషాప్‌లో తెలుగు టైప్ చేస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడతా ఉంటే సాఫ్ట్‌వేర్ పాడైంది అనుకుంటారు చాలామంది. అది టైప్ సెట్టింగ్ సంగతి, కొత్త వెర్షన్లలో వరల్డ్ రెడీ లేఅవుట్ అని, కొంచెం పాత వాటిల్లో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది, అది మారిస్తే అక్షరాలు కలుస్తాయి.

ఏఐతో చేస్తే ఏం పోయింది, పాత బొమ్మ వాడుకుంటే ఏం పోయింది

మా వాడి ఫ్రెండ్ ఒకడు అన్నాడు, అన్నా ఇంత లెక్కలెందుకు, ప్రాంప్ట్ కొడితే నిమిషంలో వస్తుంది కదా అని. వాడి మాటలో న్యాయం లేకపోలేదు. డబ్బుల్లేని పిల్లోళ్ళకి, నలుగురూ కలిపినా డిజైనర్‌కి ఇవ్వలేని వాళ్ళకి అది పెద్ద సాయం, ఐడియా చూసుకోవడానికైతే ఇంకా మంచిది. నా ఇబ్బంది వేరే చోట ఉంది, "రెట్రో" అని ఊరికే అడిగితే అది అన్ని దశాబ్దాల్నీ కలిపి మిక్సీ పడుతుంది, ఫ్లాట్ బొమ్మ ఇస్తుంది కాబట్టి అక్షరాల మీద గ్రెయిన్ వద్దు అంటే విడదీయడానికి లేయరే ఉండదు, తెలుగులో పేరు అడిగితే ఒక్కోసారి తెలుగూ కన్నడమూ కానిదేదో రాసిపెడుతుంది. చేత్తో చేసినదే కళ, ఏఐది కాదు అనేవాళ్ళతో కూడా నేను పూర్తిగా కలవను, ఒకప్పుడు ఫోటోషాప్‌ని కూడా చేతి ఆర్టిస్టులు ఇట్లే తిట్టినారు, ఆ తిట్లు తిన్నవాళ్ళలో నేనూ ఉండా.

ఇంకో గొడవ, పాత బొమ్మలు. "పాతది కదా మామా, ఎవురు అడుగుతారు" అని మా వాడు నెట్లో ఒక పాత ఫోటో దించినాడు. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో ఫోటోలకి కూడా తీసినాయన జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు రక్షణ వచ్చింది. కాబట్టి పాతగా కనిపించిందల్లా ఫ్రీ కాదు. గ్రామఫోన్ ముందు కూచున్న కుక్క లాంటి కంపెనీ గుర్తులు ట్రేడ్‌మార్కులు, వాటిని తమాషాకి మూలలో పెట్టినా చిక్కే. మోనో రికార్డింగ్ చేసి స్టీరియో అని ముద్ర కొట్టడం చట్టం సంగతి ఎట్లున్నా వినేవాళ్ళని మోసం చెయ్యడమే.

మా వాడి కవరు చివరికి ఏమైంది

వాళ్ళ అవ్వ అరుగు మీద కూచుని చేటలో చెనిక్కాయలు చెరుగుతా ఉండే ఫోటో వాడి ఫోన్లోనే ఉంది, అది తీసుకున్నాం. నాలుగు రంగులు వద్దు, రెండే సిరాలు అనుకున్నాం, నలుపు ఒకటి, ఎర్రమట్టి రంగు ఒకటి. ఖర్చు తగ్గించుకోవాలంటే ఒకటి రెండు సిరాలతోనే కానిచ్చే పద్ధతి అప్పట్లో ఉండేది, పైగా రంగులు తక్కువైతే తప్పు చెయ్యడానికి చోటు కూడా తక్కువ. అడుగున క్రీమ్ కాగితం, దాని పైన ఫోటో బ్లాక్ అండ్ వైట్‌లో గ్రెయిన్‌తో సహా మల్టిప్లై, దాని పైన అరుగు వెనక గోడ మొత్తం ఎర్రమట్టి సిరా మల్టిప్లైలో ఐదు పిక్సెల్స్ పక్కకి జరిపి, ఆ ఎరుపులోనూ కింద ఫోటోలోనూ పేరు ఖాళీగా వదిలేసినాం కాబట్టి అక్షరాలు కాగితం రంగులో వచ్చినాయి. అరుగుడు పెట్టలేదు, ఇది 1972లో అప్పుడే అంగట్లోకి వచ్చిన కొత్త అట్ట అనుకున్నాం కాబట్టి.

అయిపోయినాక ఫోన్లో 300 పిక్సెల్స్ సైజులో, అంటే పదో వంతుకి దించి చూసినాం, ఎందుకంటే జనాలు చూసేది అంతే, గోరంత. గ్రెయిన్ మాయమైంది. ఐదు పిక్సెల్స్ జరుగుడు అర పిక్సెల్ అయిపోయింది, అదీ మాయం. పది పిక్సెల్స్ చుక్కలు పెట్టి ఉంటే ఒక్కోటి ఒక్క పిక్సెల్ అయ్యి గోడ అంతా బూడిద రంగు మురికి లాగా కనిపించేది. మిగిలింది ఎర్ర గోడ, అవ్వ, చేట, రెండు మాటల పేరు.

మా వాడు కాసేపు చూసి, "బాగుండాది కానీ ఒక్క గీతన్నా పెట్టు మామా, ఫ్రెండ్స్ రెట్రో కాదంటారు" అన్నాడు. కింది కుడి మూలలో మాస్క్ మీద చిన్న మడత ఒకటి గీసినా, ఫుల్ సైజులో తెరిచి వెతికితేనే కనపడుతుంది, వాడు తృప్తిగా పోయినాడు.